ఆయిల్ ఎన్నాళ్ళకు మార్చాలి

మా ఇంట్లోంచి బయటికి వెళ్ళాలంటే పక్కకు తిరిగి నడవాలి. వరంగల్ బజారులో ముందు మా బట్టల దుకాణం, వెనక ఇల్లు. ఇంటికి దారి పక్క సందులోకి తెరుచుకునే ఒక గేటు. గేటుకూ ఇంటి తలుపుకూ మధ్య ఉన్న ఇరుకు జాగాలో కారు నిలబడి ఉంటుంది. దుకాణానికి వెళ్ళాలన్నా, కూరగాయలకు వెళ్ళాలన్నా ఆ కారుకూ గోడకూ మధ్యలోంచే వెళ్ళాలి. సంచి ఉంటే సంచిని ముందు తోసి, వెనక నేను. గ్యాస్ బండ తెచ్చే మనిషి దాన్ని నెత్తికెత్తుకుని, మమ్మల్నీ కారునీ కలిపి గొణుక్కుంటూ లోపలికి వచ్చేవాడు. నా చీరలన్నిటికీ ఒక పక్క దుమ్ము గీత పడేది. ఉతికితే పోయేది, బయటికి వెళ్తే మళ్ళీ వచ్చేది. బయటికి వెళ్ళడం తగ్గాక గీత పడటం కూడా తగ్గింది.

రెండేళ్ళు ఆ కారు గేటు దాటలేదు. అలాగని ఊరికే పడి ఉందంటే మా ఆయన ఒప్పుకునేవాడు కాదు. ప్రతి శుక్రవారం పొద్దున, దుకాణం తెరవకముందు, అత్తమ్మ దీపం పెట్టి, అగరొత్తులు తెచ్చి కారు ముందు మూడుసార్లు తిప్పి వైపర్ సందులో గుచ్చేది. బానెట్ మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. అప్పుడు మా ఆయన స్నానం చేసి, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, డ్రైవర్ సీట్లో కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేసేవాడు. కారు ముక్కు ఇంటి వైపు ఉండేది కాబట్టి ఆయనకు ఎదురుగా కనపడేది వంటింటి కిటికీ, అందులో నేను. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి పది నిమిషాలు నా వైపే చూసేవాడు, నన్ను మాత్రం చూసేవాడు కాదు. తర్వాత ఇంజన్ ఆపి, మీటరులో కిలోమీటర్ల అంకె ఒకసారి చూసుకుని, తాళంచెవి జేబులో వేసుకుని దిగేవాడు. అంకె మారేది కాదు. అయినా చూసేవాడు.

"బండికి కసరత్తయింది" అనేవాడు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. సందంతా పొగ. ఇల్లంతా పెట్రోలు, అగరొత్తుల కలగలుపు వాసన. మధ్యాహ్నం అన్నంలో కూడా అదే వాసన వచ్చినట్టుండేది నాకు.

మొదట్లో ఇలా లేదు. కారు కొన్న కొత్తల్లో ఆయనే తిప్పేవాడు. పాలంపేట గుడికి తీసుకెళ్ళాడు, హన్మకొండకు ఉత్త పుణ్యానికి రెండు చక్కర్లు కొట్టేవాడు. "నువ్వు గూడ నేర్సుకో, నాకు జ్వరమొస్తె ఎవలు తోల్తరు" అని డ్రైవింగ్ స్కూల్లో చేర్పించింది కూడా ఆయనే. నేను నేర్చుకున్నాను, పరీక్ష ఇచ్చాను, పాసయ్యాను. కార్డు పోస్టులో వస్తుందన్నారు.

అది రాకముందే నర్సంపేటలో చుట్టాల పెళ్ళి వచ్చింది. తిరిగి వస్తుంటే పొద్దు గూకుతోంది. ముందు పత్తి నింపుకున్న ట్రాక్టర్, ట్రాలీకి వెనక లైటు లేదు. అటూ ఇటూ పొంగిన పత్తి మూట రోడ్డంతా కమ్మేసి ఉంది, దగ్గరకొచ్చేదాకా కనపడలేదు. ఆయన స్టీరింగ్ పక్కకు తిప్పేశాడు, కారు రోడ్డు దిగి పొలంలో పడింది. ఎవరూ చావలేదు. వెనక కూర్చున్న అత్తమ్మ నుదురు పగిలి కుట్లు పడ్డాయి. ఆయనకు భుజం దగ్గర ఎముక విరిగింది. పక్కనే కూర్చున్న నాకు గాజు కూడా పగల్లేదు. బురదలో నిలబడి ఆయన పదే పదే అడిగిన మాట ఒక్కటే, "అమ్మ ఏది, అమ్మ ఏది" అని. అమ్మ ఆయన చెయ్యి పట్టుకునే ఉంది. ముఖమంతా రక్తంతో ఉంటే ఆయన ఆమెను గుర్తుపట్టలేదు.

కారు బాగై వచ్చింది. మనుషులు కూడా బాగయ్యారు, బయటికి. ఆయన మాత్రం మళ్ళీ బండి తోలలేదు. స్కూటర్ కూడా అమ్మేశాడు. దుకాణం ఇంటి ముందే కాబట్టి ఆయనకు రోడ్డుతో పని లేదు. నాకుంది.

హన్మకొండ పోయి వస్తానంటే ఆయన ముఖంలో రంగు పోయేది. వద్దని ఒక్కనాడూ అనలేదు. "ఆటోల పోతవా? ఏ ఆటో? నేనొస్తా ఉండు, షట్టర్ గుంజి వస్తా" అనేవాడు. దుకాణం మూసి, గిరాకీని వెనక్కి పంపి, నా పక్కన ఆటోలో కూర్చుని కడ్డీ పట్టుకుని చెమటలు కక్కేవాడు. ఒక్కదాన్నే వెళ్తే ఎక్కగానే ఫోను, దిగగానే ఫోను, మధ్యలో ఫోను. ఒకసారి గాంధీ బొమ్మ దగ్గర ట్రాఫిక్ ఆగి ఫోన్ ఎత్తలేకపోయాను. ఇంటికొచ్చేసరికి గేటు దగ్గర నిలబడి వణుకుతున్నాడు. వద్దంటే కొట్లాడవచ్చు. భయపడే మనిషితో ఏమని కొట్లాడతాం? ఆ వణుకు చూడలేక నేనే మానేశాను. అమ్మాయి పెళ్ళై కరీంనగర్‌లో ఉంది. దాన్ని చూడటానికి వెళ్ళడం కూడా మానేశాను, అదే వచ్చి పోయేది.

నా లైసెన్సు కార్డు ఆయన భుజానికి ఇంకా కట్టు ఉండగానే వచ్చింది. అత్తమ్మ కవరు చింపి, దాని మీద కుంకుమ అద్ది, దేవుడి గదిలో సొరుగులో పెట్టింది. "దేవుని కాడ ఉండనియ్ బిడ్డా, పైలం" అంది. ఆమె కోపంతో పెట్టలేదు, ప్రేమతోనే పెట్టింది. నా డ్రైవింగ్ లైసెన్సుకు రెండేళ్ళు రోజూ హారతి అందింది. ఈ మాట ఫోన్‌లో మా అమ్మాయికి చెప్తే నవ్వి, నవ్వు మధ్యలోనే ఆపేసింది.

నాకు కావలసింది ఒక్కటే. ఆ కారులో ఒక్కదాన్నే కూర్చుని ఆ గేటు దాటాలి. ఎక్కడికి అంటే పెద్ద జవాబేమీ లేదు. కాజీపేట దాకా వెళ్ళి, స్టేషన్ దగ్గర ఒక చాయ్ తాగి రావాలి. నేను పుట్టి పెరిగింది అక్కడి రైల్వే క్వార్టర్లలో. ఇప్పుడు అక్కడ నావాళ్ళు ఎవరూ లేరు. క్వార్టరు ఇంకెవరిదో అయింది. అయినా వెళ్ళాలి. దీన్ని ఎవరికీ చెప్పలేదు, చెప్తే కోరికలా కూడా వినపడదు.

కారు బాగై వచ్చి ఏడాది దాటగానే, కొన్నచోటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. సర్వీసింగు టైమైంది, ఇంజన్ ఆయిల్ మార్చాలి అని. మా ఆయనకు అది మోసంలా తోచేది. "బండి గేటే దాటలే. ఆయిల్ ఎట్ల పాతదైతది?" అని ఫోన్ పెట్టేసేవాడు. పక్క దుకాణాలవాళ్ళు కూడా అదే మాట. వాళ్ళందరి వ్యాపారం అలాంటిది. సీలు తీయని పెట్టె, విప్పని బట్ట తాను, తాకని గిన్నె ఎన్నేళ్ళయినా కొత్తదే, కొత్త ధరే. మా ఆయన బానెట్ ఎత్తి, ఆయిల్ ఎంతుందో చూసే పొడుగాటి పుల్ల బయటికి లాగి, వెలుతురుకు పట్టి మురిసిపోయేవాడు. "తేనె లెక్కున్నది" అనేవాడు.

నేను తేనె సంగతి వినలేక వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. మా నాన్న కాజీపేట డీజిల్ షెడ్డులో నూనెలు పరీక్ష చేసే చోట పనిచేశాడు. రైలింజన్ల నుంచి సీసాల్లో నూనె తెచ్చి ఇస్తే, అది బాగుందా, అందులో నీళ్ళు కలిశాయా అని చూసేవాడు. నీళ్ళున్నాయో లేవో తెలుసుకోవడానికి కాగిన ఇనుప పలక మీద చుక్క వేస్తారు. మంచి నూనె అయితే ఊరికే పరుచుకుని పొగ వస్తుంది. నీళ్ళుంటే చిటపటలాడుతుంది. నాన్న దీన్ని ఇంట్లో కూడా వదిలేవాడు కాదు. కొత్తగా కొన్న నెయ్యిని, పక్కింటివాళ్ళ స్కూటర్ ఆయిల్‌ని కూడా పెనం మీద వేసి చెవి పెట్టి వినేవాడు, మా అమ్మ తిడుతూనే ఉండేది. దూరం పరుగెత్తే ఇంజన్ల కంటే, యార్డులో ఊరికే నిలబడి గుర్రుమనే ఇంజన్లే తొందరగా పాడవుతాయని చెప్పేవాడు. ఇంజన్ లోపల పెట్రోలు గానీ డీజిల్ గానీ మండితే కొంత తేమ పుడుతుంది. బండి బాగా నడిచి నూనె సలసలా కాగితే ఆ తేమ ఆవిరై పోతుంది. సగం వేడెక్కగానే ఆపేస్తే ఎక్కడికీ పోలేక నూనెలోకే దిగుతుంది. మా ఆయన శుక్రవారం శుక్రవారం చేస్తున్నది సరిగ్గా అదే. కసరత్తు పేరుతో దానికి నీళ్ళు తాగిస్తున్నాడు.

ఈ సంగతి చెప్పాను. ఒకసారి కాదు. ఆయన విని, తల ఊపి, దుకాణానికి వెళ్ళేవాడు. రైలింజన్ వేరు, కారు వేరు అనేవాడు. బట్టల కొట్టు ఇంట్లో నా మాటకు విలువ చీర రంగు దగ్గర ఉండేది, బండి దగ్గర ఉండేది కాదు.

ఒక శుక్రవారం నాకు ఒళ్ళు మండింది. ఎందుకో ప్రత్యేకంగా ఏమీ లేదు. ఆ రోజు కూడా పసుపు, పొగ, పది నిమిషాలు, అదే అంకె. ఆయన దిగి తువ్వాలు అందుకుంటుంటే నేను పక్కకు తిరిగి కారు దగ్గరికి వెళ్ళి, బానెట్ ఎత్తండి అన్నాను. ఇంజన్ మీద ఆయిల్ పోసే మూత తిప్పి తీశాను. మూత లోపల తెల్లగా, చిక్కగా, మీగడలా పేరుకుని ఉంది.

ఆయన వంగి చూసి గ్రీజు అన్నాడు. గ్రీజు ఎవరూ పెట్టలేదు, అవి నీళ్ళు అన్నాను. గేటు లోపల వాన ఎక్కడిది అన్నాడు. ఆ పుల్ల చివర అంటిన నూనె, మూతలో మీగడ ఒక చెంచాలోకి తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. సాంబ్రాణి వేయడానికి ఉంచిన పాత ఇనుప పెనం పొయ్యి మీద పెట్టాను.

అత్తమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. శుక్రవారం పూట, పొయ్యి మీద, బండి నూనె. నేను మా ఆయన్ని పిలిచి పక్కన నిలబెట్టాను. మొదట కుట్టు మిషన్‌కు వేసే నూనె ఒక చుక్క వేశాను. అది మెల్లగా పరుచుకుని పొగ వదిలింది, చప్పుడు లేదు. తర్వాత చెంచాలో ఉన్నది వేశాను. పోపులో తడి కరివేపాకు పడ్డట్టు చిటపటమని ఎగిరింది. ఒక చుక్క ఆయన చేతి మీద పడింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు, పెనం వైపే చూస్తూ నిలబడ్డాడు.

"జరీ చీర అమ్ముడువోలేదని ఏండ్లకేండ్లు అదే మడతల ఉంచుతరా మీరు?" అని అడిగాను.

దుకాణంలో ఆషాఢం రాగానే పట్టుచీరలన్నీ దించి, విప్పి, గాలికి వేసి, పాత మడత తప్పించి కొత్త చోట మడత పెడతారు. ఆ పని ఆయన ఎవరికీ వదలడు, తానే కూర్చుని చేస్తాడు.

"ఉంచం. మడత కాడ చిరుగుతది" అన్నాడు.

"ఎవలన్న కట్టుకున్నరా? కట్టుకోకున్న ఎందుకు చిరిగింది మరి?"

ఆయన పొయ్యి తానే ఆపాడు. ఆ రోజు మధ్యాహ్నమే మెకానిక్‌కు ఫోన్ చేశాడు.

నేను గెలిచాననుకున్నాను. కానీ ఆయన ఫోన్‌లో అడిగింది ఇంటికొచ్చి ఆయిల్ మార్చమని. కారు కదలకుండానే పని అయిపోతుందని. అది వినగానే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అప్పుడు అర్థమైంది నాకు, ఇన్నాళ్ళూ నేను దెబ్బలాడింది ఆయిల్ కోసం కాదని.

మెకానిక్ వచ్చి ఆ ఇరుకు జాగా చూసి తల అడ్డంగా ఊపాడు. కారు కింద పడుకుందామన్నా జాగా లేదు, పైగా కాస్త తిరిగి వేడెక్కిన ఇంజన్‌లోంచే పాత ఆయిల్ సాఫుగా దిగుతుంది, షెడ్డుకు తీసుకురండి అన్నాడు. కావాలంటే తన మనిషిని పంపుతానన్నాడు. తెలియని మనిషి చేతికి బండి ఇవ్వడానికి మా ఆయన ఒప్పుకోలేదు. నేనే తెస్తా అన్నాడు.

గేటు రెండు తలుపులూ తీశారు. ఎన్నాళ్ళకో సందులోని వెలుతురు కారు వెనక అద్దం మీద పడింది. ఆయన కూర్చున్నాడు, స్టార్ట్ చేశాడు, రివర్స్ గేరు వేశాడు. అంతే. కాలు క్లచ్ మీద అలాగే ఉంది. చొక్కా వీపంతా తడిసిపోయింది. సందులో జనం ఆగి చూస్తున్నారు, ఒకతను రా రా అని చెయ్యి ఊపుతున్నాడు. కారు కదల్లేదు. చాలాసేపటికి ఇంజన్ ఆపి దిగాడు.

"నాతోని గాదు" అన్నాడు. నాతో కాదు, గోడతో చెప్పినట్టు చెప్పాడు.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ మనిషి ఒక పని తనవల్ల కాదనగా నేను వినలేదు. జాలి వేసింది. ఆ జాలి కిందనే, సిగ్గు లేకుండా, ఆశ కూడా పుట్టింది. దేవుడి గదిలోకి వెళ్ళి సొరుగు లాగాను. కార్డు మీద కుంకుమ ఎండి నా ఫోటో సగం కప్పేసింది. కొంగుతో తుడిచాను. అత్తమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. నుదుటి మీద కుట్ల మచ్చ మీదుగా బొట్టు పెట్టుకుంటుంది ఆమె.

"పో బిడ్డా. కని ఒక్కదానివి పోకు. వాన్ని కూసోవెట్టుకొని పో" అంది.

అలా మొదటిసారి ఆయన్ని ఎడమ సీట్లో కూర్చోబెట్టుకుని కారు తీశాను. గేటుకు పక్క అద్దం గీరుకుంది. ఆయన పైన పట్టీ రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మెల్లగ, మెల్లగ అని ఆ కళ్ళు మూసుకునే చెప్తున్నాడు. షెడ్డులో ఆయిల్ దించితే తేనెలా లేదు, నల్లగా, మధ్యమధ్యలో తెల్ల చారలతో దిగింది. ఆయన ప్లాస్టిక్ స్టూలు మీద, టైర్ల మధ్య, రెండు గంటలు కూర్చున్నాడు. తెల్ల చొక్కాకు గ్రీజు మరక అంటింది. బట్టల వ్యాపారికి అంతకన్నా అవమానం లేదు. ఈ జాగాకు ఇంకోసారి రాను అని అక్కడే ఒట్టు పెట్టుకున్నాడు. మెకానిక్ మాత్రం, వారానికోసారి అరగంట పైన రోడ్డు మీద తిప్పండి, నిలబెట్టి స్టార్ట్ చేస్తే లాభం లేదు అని చెప్పి పంపాడు.

నేను విడుదలైపోయానని ఆ వారమంతా అనుకున్నాను. శుక్రవారం వచ్చింది. అత్తమ్మ అగరొత్తులు తిప్పి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, పట్టుచీర కట్టుకుని వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. మా ఆయన ఎడమ సీట్లో. నేను మధ్యలో ఇరుక్కున్నట్టు స్టీరింగ్ వెనక. బైపాస్ దాకా వెళ్ళాలి, అక్కడ తిప్పుకోవాలి, వచ్చేయాలి. నలభై దాటితే ఆయన గొంతులోంచి ఒక చప్పుడు వచ్చేది. ముందు లారీ కనపడితే అత్తమ్మ దేవుణ్ణి తలుచుకునేది. ఇద్దరి ఊపిరీ నా మెడ మీద తగిలేది. ఒకసారి కాజీపేట వైపు ఇండికేటర్ వేశాను, వేసీ వేయగానే ఇద్దరూ ఒకే గొంతుతో ఎటు అని అడిగారు. ఇండికేటర్ ఆపేశాను.

నెలలు అలాగే పోయాయి. ఆయిల్ మూత తీస్తే లోపల శుభ్రంగా ఉండేది, నాకు మాత్రం ఊపిరాడేది కాదు. దుకాణానికి వచ్చిన ఆడవాళ్ళు, కోడలు కారు తోలుతాందట గదా, అదృష్టం అనేవారు. నేను నవ్వేదాన్ని. మునుపు పూజ పది నిమిషాలుండేది, ఇప్పుడు ముప్పావు గంట అయింది, అంతే తేడా. కొన్ని శుక్రవారాలు గోడకేసి గుద్దేద్దామనిపించేంత కోపం వచ్చేది. వాళ్ళ మీద కాదు. వాళ్ళు మంచివాళ్ళు కావడం మీద.

మళ్ళీ ఏడాది తిరిగింది. ఆయిల్ మార్చాలని ఫోన్ వచ్చింది. అది పెళ్ళిళ్ళ రోజులు, దుకాణంలో పట్టుచీరలు నేల మీద కుప్పలుగా పోసి ఉన్నాయి, జనం. ఆయన కౌంటర్ వదిలి రాలేడు. వద్దామన్నా ఆ స్టూలు, ఆ గ్రీజు. అత్తమ్మకు షెడ్డు వాసన పడదు, తల తిప్పుతుంది. పొద్దుటి నుంచి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను కావాలనే బియ్యం ఏరుతూ కూర్చున్నాను. చివరికి ఆయన గిరాకీ మధ్యలోంచి లేచి వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"ఫోన్ దగ్గర వెట్టుకో" అన్నాడు.

గేటు దాటాను. అద్దం గీరుకోలేదు. సందు మలుపు తిరిగాక ఎడమ సీటు వైపు చూశాను. ఖాళీ. వెనక సీటు చూశాను. ఖాళీ. నా ఊపిరి చప్పుడు నాకే వినపడుతోంది, అది కూడా వింతగానే ఉంది. కిటికీ అద్దం దించి, హారన్ అవసరం లేకపోయినా ఒకసారి కొట్టాను.

షెడ్డులో రద్దీ లేదు. అనుకున్నదానికంటే తొందరగా పని అయిపోయింది. పాత ఆయిల్ నల్లగా ఉన్నా చారలు లేవు. ఇంటి వైపు తిప్పాల్సిన చోట నేను కాజీపేట వైపు తిప్పాను. ఎటు అని ఎవరూ అడగలేదు.

స్టేషన్ దగ్గర కారు పక్కకు ఆపి, కిటికీలోంచే చాయ్ తెప్పించుకుని తాగాను. ఉత్తరానికి వెళ్ళే బండి ఏదో కూత వేసింది. చిన్నప్పుడు ఆ కూతలకే లేచి, ఆ కూతలకే పడుకునేవాళ్ళం. నాన్న చేతులకు ఎప్పుడూ నూనె వాసన ఉండేది, సబ్బు పెట్టినా పోయేది కాదు. చాయ్ గ్లాసు పట్టుకుని బాగా ఏడ్చాను. సంతోషానికి కాదు. ఇంత చిన్నదాని కోసం ఇన్నాళ్ళు ఆగానే అని.

ఫోన్ మోగింది. అయిందా అని అడిగాడు ఆయన. ఇంకా టైం పడుతుందన్నాను. సరే అన్నాడు. అప్పుడే స్టేషన్ మైకులో ఏదో బండి వస్తోందని చెప్తున్నారు. ఫోన్‌లో వినపడిందో లేదో తెలియదు. ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఇంటికొచ్చి కారు లోపల పెట్టి, వంటింట్లోకి వెళ్ళి కూర పొయ్యి మీద పెట్టాను. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన ఆయన తాళంచెవి అడిగి తీసుకుని, అలవాటు కొద్దీ కారు తలుపు తీసి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తున్నాను. మీటరు వైపు వంగాడు. రెండేళ్ళు కదలని అంకెను శుక్రవారం శుక్రవారం చూసుకున్న మనిషి. షెడ్డు ఎంత దూరమో, రానుపోను ఎంతవుతుందో ఆయనకు తెలుసు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. ఇక ఎప్పటికీ నన్ను ఒక్కదాన్ని పంపడు అనుకున్నాను. అబద్ధం ఏం చెప్పాలో వెతుక్కున్నాను, ఒక్కటీ దొరకలేదు.

ఆయన దిగి, వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ముఖంలో రంగు లేదు. ఆ భయం నాకు తెలుసు, ఆటో కడ్డీ పట్టుకున్నప్పటి భయమే అది. ఎక్కడికి పోయావని అడుగుతాడనుకున్నాను.

"ఆయిల్ ఎన్ని నెలలకోసారి మార్చాలె?" అని అడిగాడు.

నాకు జవాబు తెలుసు. వారం వారం బాగా కాగేదాకా తిప్పే బండికి ఏడాదికోసారి చాలు. నాన్న ఉంటే అదే చెప్పేవాడు.

"ఆర్నెల్లకు" అన్నాను.

చెప్పి, బేరం కోసం ఆగాను. మా ఆయన ఎవరు ఏం చెప్పినా సగానికి అడిగే మనిషి. టమాటాల దగ్గరా అంతే, సూరత్ నుంచి వచ్చే తానుల దగ్గరా అంతే. పెళ్ళిచూపులనాడు మా నాన్న ముహూర్తం చెప్తే దాన్ని కూడా ముందుకు జరపమని బేరమాడాడు. ఏడాది చాలదా అంటాడు. అంటే ఏం చెప్పాలో కూడా అనుకోలేదు.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆర్నెల్లంటె మస్తు దూరమైతది" అన్నాడు. "మూణ్నెల్లకు మార్పియ్యి."

నేను ఆయన వైపు తిరిగేలోపే ఆయన వెనక్కి తిరిగాడు. కారుకూ గోడకూ మధ్యలోంచి పక్కకు తిరిగి, చొక్కాకు దుమ్ము అంటకుండా కడుపు లోపలికి లాక్కుని, దుకాణం వైపు వెళ్ళిపోయాడు. అన్నం తినలేదు. వెళ్తూ వెళ్తూ తాళంచెవి వంటింటి కిటికీ మీద పెట్టి పోయాడు.